డార్జిలింగ్ ఇంజన్ వేల్స్ పట్టాల మీద ఎలా నడిచింది? ఆ 13 మిల్లీమీటర్ల సంగతి

ఘుమ్‌మలుపు:
డార్జిలింగ్ హిమాలయన్ రైల్వే బి క్లాస్ ఆవిరి ఇంజన్లు 1889 నుంచి 1920ల దాకా మొత్తం 34 తయారయ్యాయి. వాటిలో దేశం దాటింది ఒక్కటే. మొదట దాని నంబరు 19, తర్వాత 778 అయింది. 1889లో గ్లాస్గోలో షార్ప్ స్టీవర్ట్ కంపెనీ తయారుచేసింది. 1960లలో అమెరికా వెళ్ళి, ఇండియానాలోని హెస్టన్ మ్యూజియంలో ఏళ్ళ తరబడి కదలకుండా ఉండిపోయింది. 2000ల మొదట్లో బ్రిటన్ చేరాక బాగుచేసి మళ్ళీ ఆవిరితో నడిపారు. అక్కడి నుంచి వారసత్వ రైల్వేలకు (పాత లైన్లని కాపాడి నడిపేవి) అతిథిగా తిరిగింది: వేల్స్‌లోని ఫెస్టినియోగ్, ఇంగ్లండ్‌లోని లాన్‌సెస్టన్, లేటన్ బజర్డ్.

నా సందేహం గేజు గురించి, అంటే రెండు పట్టాల మధ్య దూరం గురించి. డార్జిలింగ్ లైను రెండడుగులు, అంటే 610 మి.మీ. ఫెస్టినియోగ్ ఒక అడుగు పదకొండున్నర అంగుళాలు, 597 మి.మీ. మధ్యలో 13 మి.మీ. తేడా ఉంది. పెద్ద గేజు ఇంజన్ని చిన్న గేజు పట్టాల మీద పెడితే చక్రాలు బిగుసుకుపోవా? తెలిసినవాళ్ళెవరైనా చెప్పండి.

పట్టాలపక్క:
రెండిటినీ రెండడుగుల గేజనే అంటారు కదండీ. మెల్లగా పోయే బండ్లు, అరంగుళం తేడా లెక్కలోకి రాదనుకుంటా.

బొగ్గుపార:
వస్తుందండీ, బాగా వస్తుంది. నేను బ్రిటన్‌లో ఒక చిన్న నారో గేజు వారసత్వ రైల్వేలో సెలవు రోజుల్లో ఫైర్‌మన్‌గా పనిచేస్తాను. అతిథి ఇంజన్ లారీ దిగగానే జనమంతా ఫోటోలకి ముందువైపు మూగుతారు. మా వర్క్‌షాప్ పెద్దాయన మాత్రం కొలతబద్ద పట్టుకుని ఇంజన్ కిందికి దూరతాడు. ఒకే ఇరుసు మీదున్న రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం ఎంతో కొలుస్తాడు. తర్వాత ఫ్లాంజ్ (చక్రం పట్టా మీంచి జారకుండా లోపలి అంచున ఉండే గట్టు) మందం చూస్తాడు. గేజు ఎంత అని పుస్తకంలో రాసుకున్న అంకె కన్నా ఈ రెండు కొలతలే ముఖ్యం.

ఇంజన్ కొలత ఎక్కువైతే ఫ్లాంజులు రెండు పట్టాలనీ ఒరుసుకుంటాయి. అప్పుడు చక్రాలని ఇరుసు మీద లోపలికి జరపాలి, లేదా ఫ్లాంజ్ బయటి ముఖాన్ని లేతులో చెక్కాలి. ఊరికే చెక్కేసి లోపలి కొలత అలాగే వదిలేస్తే సాదా పట్టాల మీద హాయిగానే పోతుంది. చిక్కంతా పాయింట్ల దగ్గర, అంటే ఒక లైను రెండుగా చీలే చోట. అక్కడ చక్రాన్ని వెనకనుంచి పట్టి దారిలో ఉంచేది పట్టా పక్కన వేసే చెక్ రైల్. ఆ కొలత కుదరకపోతే ఫ్లాంజ్ వెళ్ళి క్రాసింగ్ ముక్కుకి (రెండు పట్టాలు కలిసే మొనకి) తగిలే ప్రమాదం ఉంది. అందుకే ఏ ఇంజన్ వచ్చినా ముందు ఒంటరిగా, నడక వేగంతో ప్రతి పాయింటూ దాటించి చూస్తారు. ప్లాట్‌ఫారాల అంచులు, వంతెనలు, సొరంగాలు తగులుతాయేమో కూడా అప్పుడే తేలిపోతుంది.

అరంగుళం ఏం చేస్తుందో తెలియాలంటే వేల్స్‌లోని తాలిలిన్ రైల్వే కథ వినాలి. ప్రపంచంలో మొదటగా స్వచ్ఛంద సేవకులు కాపాడుకుని నడిపిన రైల్వే అది, 1951 నుంచి. ఇంజన్ల కొరత వల్ల, మూతబడిన పొరుగు కోరిస్ రైల్వే ఇంజన్లు రెండు కొన్నారు. కాగితం మీద రెండు లైన్లదీ ఒకే గేజు, 686 మి.మీ. తీరా చూస్తే మూడో నంబరు, సర్ హేడెన్, మాటిమాటికీ పట్టాలు తప్పేది. కారణం ఏమిటంటే, పాత తాలిలిన్ కంపెనీ తన పట్టాలని కావాలనే దాదాపు అరంగుళం ఎడంగా వేసుకుంది. వాళ్ళ ఒకటో నంబరు ఇంజన్‌కి ఇరుసుల మధ్య దూరం ఎక్కువ, వంపుల్లో తిరగడానికి ఆ చోటు కావాలి. పాత ఇంజన్ల చక్రాలు పట్టా మీద ఆనే భాగం వెడల్పుగా ఉండేది కాబట్టి వాటికి ఇబ్బంది లేదు. కోరిస్ ఇంజన్ చక్రాలది అంత వెడల్పు కాదు, జారిపోయేది. చివరికి లైను సరైన గేజుకి తిరిగి వేసి, ఒకటో నంబరు చక్రాలు కూడా మార్చారు. మీరు అడుగుతున్న తేడా కూడా సరిగ్గా అంతే.

ఫెస్టినియోగ్‌కి ఇది కొత్త కాదు. 1962లో లిండా అనే ఇంజన్ అక్కడికి అద్దెకి వచ్చింది. 1893లో హన్స్‌లెట్ కంపెనీ పెన్రిన్ పలకరాతి క్వారీ కోసం తయారుచేసిన బండి. ఆ క్వారీ లైను ఇంకా సన్నం, 578 మి.మీ. మరుసటి ఏడాదే కొనేసుకున్నారు, తర్వాత ముందువైపు చిన్న చక్రాల జత కూడా చేర్చారు. అద్దెకొచ్చిన బండి అక్కడిదే అయిపోయింది. ఇలాంటి పరిచయాలకి దారి తీస్తాయి కాబట్టే అతిథి ఇంజన్ల మీద నాకింత ఇష్టం.

బి క్లాస్ దగ్గర నేను చెప్పాలనుకునేది ఇంకొకటుంది. ఆ ఇంజన్లో బొగ్గు క్యాబ్ వెనక ఉండదు, ముందు బాయిలర్ మీద ఉంటుంది. కొండ మీద దానికి డ్రైవరు, ఫైర్‌మన్‌తో పాటు పైన కూర్చుని బొగ్గు గడ్డలు పగలగొట్టే మనిషి ఒకడు, ముందు బఫర్ దూలం మీద కూర్చుని పట్టాల మీద ఇసుక చల్లేవాళ్ళు ఇద్దరు ఉండేవాళ్ళు. అయిదుగురు చేసే పని. వేరే ఊళ్ళో ఇద్దరి చేతికిస్తే ముందే చిన్న ముక్కలుగా ఉన్న బొగ్గు ఎక్కించుకోవాలి, ఇసుక గొట్టాలు తడి లేకుండా చూసుకోవాలి. దాన్నెరిగిన మనిషి ఒకరు, లైనెరిగిన డ్రైవరు ఒకరు క్యాబ్‌లో ఉండాల్సిందే. ఫోటోల కోసం అటూ ఇటూ నాలుగడుగులు నడిపితే ఇవేవీ బయటపడవు. అతిథి ఇంజన్‌కి టైంటేబుల్ ప్రకారం నడిచే మామూలు ప్యాసింజర్ బండి ఇవ్వాలని ప్రతి మీటింగులోనూ అడుగుతాను.

ఘుమ్‌మలుపు:
చాలా థాంక్స్ అండీ. పాయింట్ల సంగతి నాకు తట్టనే లేదు. మరి బ్రేకులు? కొండ రైలు బ్రేకులు వేల్స్ పెట్టెలకి సరిపోతాయా?

నౌపడాబండి:
నాదీ ఒక ప్రశ్న. మా నౌపడా–గుణుపురం లైన్లో తిరిగిన పర్లాకిమిడి చిన్న ఇంజన్లని ఇలా ఫెస్టినియోగ్ పంపే వీలుండేదా?

బొగ్గుపార:
ఘుమ్‌మలుపు గారూ, గేజు తర్వాత పెద్ద తలనొప్పి బ్రేకులే. 1889 జూన్‌లో ఐర్లండ్‌లోని ఆర్మా దగ్గర ఒక విహారయాత్ర రైల్లోంచి విడదీసిన పెట్టెలు వెనక్కి దొర్లి ఇంకో రైలుని గుద్దుకున్నాయి, 80 మంది చనిపోయారు. ఆ ఏడాదే చట్టం వచ్చింది: ప్రయాణికుల రైల్లో ప్రతి పెట్టెకీ పనిచేసే బ్రేకు ఉండాలి, పెట్టెలు తెగిపోతే దానంతట అదే పడాలి. 778 పుట్టింది కూడా ఆ ఏడాదే. డార్జిలింగ్‌లో పెట్టెల మీద బ్రేకు మనుషులు చేత్తో చక్రం తిప్పి ఆపేవాళ్ళు. ఫెస్టినియోగ్ పెట్టెలవి వాక్యూమ్ బ్రేకులు, అంటే గొట్టంలో గాలి తీసేసి అదుపు చేసేవి. కాబట్టి వచ్చే ఇంజన్‌లో వాక్యూమ్ పుట్టించే ఎజెక్టర్ ఉండాలి, లేకపోతే ఎజెక్టర్ ఉన్న ఇంకో ఇంజన్ని జతచేసి నడపాలి. కప్లింగ్ (పెట్టెల్ని కలిపే కొక్కెం) ఎత్తు కలవకపోతే మధ్యలో ఒక వ్యాగన్ పెట్టి కలుపుతారు. ఇవన్నీ కుదిరినా బాయిలర్ సర్టిఫికెట్ గడువు దాటితే ఇంజన్ కదలదు. బ్రిటన్‌లో మామూలుగా పదేళ్ళకోసారి బాయిలర్ పూర్తిగా విప్పాల్సిందే.

నౌపడాబండి గారూ, ఫెస్టినియోగ్‌కి కుదరదండీ. పర్లాకిమిడి లైను 762 మి.మీ., అంటే 165 మి.మీ. తేడా. చక్రాలు జరిపితే పోయేది కాదు, ఇంజన్ అడుగుభాగమంతా మార్చాలి. కానీ వేల్స్‌లోనే వెల్ష్‌పూల్ అండ్ లాన్‌ఫెయిర్ రైల్వే సరిగ్గా 762 మి.మీ. 1902లో బేయర్ పీకాక్ తయారుచేసిన ఇంజన్లు ది ఎర్ల్, ది కౌంటెస్ ఆ లైను కోసం చేసినవే. మీ ఇంజన్‌కి చుట్టరికం కలిసేది అక్కడ. అయినా ఇరుసు బరువు, వంపులు, పాయింట్ల కొలతలు అన్నీ చూశాకే మాటివ్వగలం.

778ని చూడాలనుకునేవాళ్ళకి: అది ఇప్పుడు స్టాఫర్డ్‌షైర్‌లోని స్టాట్‌ఫోల్డ్‌లో ఉంటోంది. ఏ రోజు నడుపుతారో ముందే కనుక్కుని వెళ్ళండి, కుదిరితే పొద్దున్నే వెళ్ళి ఆవిరి పట్టేటప్పుడు చూడండి.