ఉగాది పాటల పెన్‌డ్రైవ్: రేపు 5 లోపు ఇవ్వాలి

సుధ, గురువారం రాత్రి 9:10
హాలు సౌండ్ అతను పాటలన్నీ ఒకే పెన్‌డ్రైవ్‌లో రేపు సాయంత్రం 5 లోపు ఇమ్మంటున్నాడు. ఆ తర్వాత తీసుకోడట. మొత్తం 23 ఐటమ్స్. ఇంకా తేలనివి: పచ్చడికి వేప పువ్వు, కుర్చీల లెక్క, భోజనం కూపన్లు. ఎవరెవరు ఏది చూస్తున్నారో చెప్పండి.

రమణ, 9:14
కుర్చీలు నేను చూస్తా. ఎండు వేప పువ్వు ఇర్వింగ్ స్టోర్‌లో ఉందేమో అడుగుతా.

కిరణ్, 9:31
అక్కా, తప్పు జరిగింది. పెన్‌డ్రైవ్‌లోని ఫైనల్ పాటల మీద నా ల్యాప్‌టాప్‌లోని పాత రిహార్సల్ పాటలు పడ్డాయి. పోయినేడు రాసుకున్న బ్యాచ్ ఫైలే (కమాండ్లన్నీ వరసగా తనే నడిపే ఫైలు) నడిపా.

పద్మజ, 9:35
మావాడు మూడు వారాంతాలు కూర్చుని కట్ చేసిన పాటలవి కిరణ్! చిన్న పిల్లలు ఆ కట్‌కే స్టెప్పులు నేర్చుకున్నారు. నడిపేముందు ఒక్క ఫోన్ చేయకూడదా?

కిరణ్, 9:38
చేయాల్సింది. కమాండ్ విండోలో కాపీ కొడితే 'ఓవర్‌రైట్ చేయాలా' అని అడుగుతుంది, ఇదీ అడుగుతుందనుకున్నా.

రమణ, 9:44
అది చేత్తో టైప్ చేసినప్పుడే తమ్ముడూ. బ్యాచ్ ఫైల్లో కాపీ అడగదు. అడగాలంటే కమాండ్ పక్కన స్లాష్ మైనస్ వై (/-Y) పెట్టాలి. నువ్వు వాడింది రోబోకాపీ (విండోస్‌లోనే ఉండే ఇంకో కాపీ కమాండ్) అయితే అసలు అడగనే అడగదు. సైజో టైమో తేడా ఉంటే చాలు, పాతదాన్ని తెచ్చి కొత్తదాని మీద కూడా రాసేస్తుంది. స్లాష్ ఎక్స్ ఓ (/XO) పెట్టి ఉంటే పాతవాటిని వదిలేసేది. మీద రాసిన ఫైలు రీసైకిల్ బిన్‌లోకి కూడా వెళ్లదు.

పద్మజ, 9:46
ఈ పాఠాలు ఇప్పుడెందుకండీ? మావాడి దగ్గరా కాపీ లేదు, వాడి ల్యాప్‌టాప్ పోయిన వారమే ఫార్మాట్ చేశాం.

సుధ, 9:49
అందరూ ఒక్క నిమిషం ఆగండి. కిరణ్, ఆ విండో మూసేశావా?

కిరణ్, 9:52
లేదు. రోబోకాపీయే. 11 ఫైళ్ల పక్కన 'ఓల్డర్' అని ఉంది, అంటే కొత్తదాని మీద పాతది పడింది. పోయినవి ఆ 11 మాత్రమే. మిగతా 12 బాగానే ఉన్నాయి.

సుధ, 9:55
ఆ 11 పేర్లు ఇక్కడ పెట్టు. పిల్లల అమ్మల వాట్సాప్‌లో ప్రాక్టీసుకని పంపిన ఫైళ్లు ఉంటాయి. డాక్యుమెంట్‌గా పంపమనండి, స్పీకర్‌లో పెట్టి రికార్డు చేసినవి వద్దు. ఆ పెన్‌డ్రైవ్ ఎవరూ ముట్టుకోవద్దు, కొత్తది తీద్దాం.

పద్మజ, 10:40
8 వచ్చాయి. మావాడు ఇంకో రెండు మళ్లీ కట్ చేస్తున్నాడు. కిరణ్, ఇందాక గట్టిగా అన్నాను, ఏమనుకోకు.

కిరణ్, 10:43
అనాల్సిందే అక్కా. నేనే వచ్చి వాడితో కూర్చుంటా, బయల్దేరా.

రమణ, 11:20
మిగిలింది తరంగం ఒక్కటే. టీచర్ గారితో మాట్లాడా. ఆవిడే లైవ్‌లో పాడతారట, మృదంగం ఆవిడ తమ్ముడు. సౌండ్ అతన్ని రెండు మైకులు ఎక్కువ అడగాలి.

సుధ, 11:24
నేను అడుగుతా. కిరణ్, కొత్త దాంట్లో వేసేటప్పుడు ముందు రోబోకాపీకి స్లాష్ ఎల్ (/L) పెట్టి చూడు. ఏవి కాపీ అవుతాయో పేర్లు చూపిస్తుంది, ఏదీ రాయదు. ఆ జాబితా ఇక్కడ పెడితే నేనూ పద్మజా 23 సరిచూస్తాం, అప్పుడు నడుపు.

కిరణ్, శుక్రవారం 12:50
జాబితా పెట్టా. తరంగం కాక 22.

పద్మజ, 12:58
7వది పాతదే. కొత్తది పంపుతున్నా, ఆగు.