శ్రీలంకకి వెళ్ళిన డబ్బు కింది వాళ్ళ దాకా చేరిందా?

పూర్ణామార్కెట్_మిర్చి:
నిన్న ఆర్కే బీచ్‌లో బజ్జీలు తింటుంటే మొదలైన గొడవ ఇది, తెగలేదు, అందుకే ఇక్కడ పెడుతున్నాను. 2022లో శ్రీలంక బయటి అప్పులు కట్టలేక చేతులెత్తేసింది, జనం వీధుల్లోకొచ్చారు, జులైలో అధ్యక్షుడు గొటబాయ దేశం వదిలి పోయాడు. ఆ ఏడాది మన దేశం సుమారు 400 కోట్ల డాలర్ల సాయం చేసింది, 2023 మార్చిలో ఐఎంఎఫ్ (అంతర్జాతీయ ద్రవ్య నిధి) దాదాపు 300 కోట్ల డాలర్లకు ఒప్పుకుంది. ఇంత వెళ్ళింది కదా, మామూలు మనిషికి ఏం ఒరిగింది? నాకైతే ఏమీ రాలేదు. 2022 ఏప్రిల్‌లో అక్కడికి పంపిన రెండు కంటైనర్ల ఎండుమిర్చికి డబ్బు పధ్నాలుగు నెలలు ఆగింది. కొలంబో పార్టీ మంచివాడే, వాళ్ళ రూపాయల్లో కట్టేశాడు, అక్కడి బ్యాంకులో డాలర్లు లేవు. ఇక్కడ వడ్డీ నేను కట్టుకున్నాను.

మర్రిపాలెం_మూర్తి:
ముందు మాట సరిచేయండి. అది సాయం కాదు, అప్పు. 40 కోట్ల డాలర్ల కరెన్సీ స్వాప్ (వాళ్ళ కరెన్సీ పెట్టుకుని డాలర్లివ్వడం), తిండికీ మందులకీ 100 కోట్ల క్రెడిట్ లైన్ (అవసరం కొద్దీ వాడుకునే అప్పు), పెట్రోలు డీజిలుకి 50 కోట్లు, ఇంకా పాత బకాయిలకి గడువు. ముప్పై నాలుగేళ్ళు బ్యాంకులో చేశాను, అప్పుని సాయం అన్న రోజునే అది మొండిబాకీ అవుతుంది.

జాలరిపేట_కుర్రాడు:
పక్కింట్లో బియ్యం అయిపోతే పది కిలోలు ఇస్తాం, తర్వాత తీసుకుంటాం. దాన్ని సాయం అనకపోతే ఏటంటారు సార్?

మర్రిపాలెం_మూర్తి:
చేబదులు అంటారు.

ఎంవీపీ_సుధ:
పేరు ఏదైతేనేం మూర్తి గారూ, తీర్చేది ఎవరు అన్నది అడగండి. అక్కడ కరెంటు ఛార్జీలు 2022 ఆగస్టులో 75 శాతం పెంచారు, ఆరు నెలలకే మళ్ళీ 66 శాతం. 2024 జనవరిలో వ్యాట్ (అమ్మకం పన్ను) 18 శాతానికి వెళ్ళింది. 2023లో దేశంలోపలి అప్పు సర్దుబాటు అని పెట్టి, బ్యాంకుల చేతిలో ఉన్న ప్రభుత్వ బాండ్లను దాదాపు ముట్టుకోలేదు, ఉద్యోగుల పీఎఫ్ నిధి బాండ్లను మాత్రం తక్కువ లాభం వచ్చేలా మార్పించారు. మార్చుకోకపోతే ఆ నిధి ఆదాయం మీద పన్ను 14 నుంచి 30 శాతం అన్నారు. అంటే మెడమీద కత్తి పెట్టి సంతకం అడిగినట్టే కదా. గార్మెంట్ ఫ్యాక్టరీలో మిషన్ తొక్కే ఆవిడ ముసలితనానికి దాచుకున్న డబ్బది.

మర్రిపాలెం_మూర్తి:
బ్యాంకుల మీద వేస్తే ఏమయ్యేదో తెలుసా? మర్నాడు పొద్దున్నే డిపాజిటర్లు గేటు దగ్గర ఉండేవాళ్ళు. వాళ్ళలో మీ మిషన్ తొక్కే ఆవిడా ఉండేది. 2022 సెప్టెంబరులో అక్కడ ధరల పెరుగుదల 70 శాతం దగ్గర, ఏడాది తిరిగేసరికి 1.3 శాతం. పేదవాడికి ఇంతకన్నా మేలేముంది? పైగా అస్వెసుమ అని నగదు పథకం వచ్చింది, పేదల మీద ఇంత తగ్గకుండా ఖర్చు పెట్టాలని ఐఎంఎఫే షరతు పెట్టింది.

ఎంవీపీ_సుధ:
ధర పెరగడం ఆగింది, పెరిగిన ధర తగ్గలేదు. 2019లో పేదలు నూటికి పదకొండు మంది, 2023కి పాతికమంది దాటారని ప్రపంచ బ్యాంకే చెప్పింది. మీరు గ్రాఫు చూస్తున్నారు, నేను వంటగది చూస్తున్నాను.

పూర్ణామార్కెట్_మిర్చి:
నా కంటైనర్ల సంగతి ఎవరూ మాట్లాడరేం?

మర్రిపాలెం_మూర్తి:
షరతులు వద్దంటే ఉత్తర ఆఫ్రికాలో ట్యునీషియా చూడండి. 190 కోట్ల డాలర్లకు 2022 అక్టోబరులో ఐఎంఎఫ్ అధికారులతో మాట కుదిరింది, 2023 ఏప్రిల్‌లో అధ్యక్షుడు సయీద్ బయటివాళ్ళ హుకుం మాకొద్దన్నాడు. ఆ ఎండాకాలం రొట్టెల కోసం జనం క్యూలు కట్టారు. పౌరుషం కడుపు నింపదు.

ఎంవీపీ_సుధ:
ట్యునీషియా మీరే తెచ్చారు కాబట్టి చెప్తాను. 2010 డిసెంబరులో తోపుడుబండి వ్యాపారి బౌజీజీ, అధికారులు సరుకు లాక్కుంటే ఒళ్ళు తగలబెట్టుకున్నాడు, అక్కడే విప్లవం మొదలైంది. 2011 మేలో జి8 (ఎనిమిది పెద్ద దేశాల కూటమి) పెద్దలు ఫ్రాన్స్‌లో డోవిల్‌లో కూర్చుని ఈజిప్టుకీ ట్యునీషియాకీ 2,000 కోట్ల డాలర్లన్నారు. తర్వాత వచ్చిన ఐఎంఎఫ్ అప్పులకి సబ్సిడీలు తగ్గించండి, జీతాల బిల్లు తగ్గించండి అనే షరతులే. బండివాడికి బ్యాంకు అప్పు పుట్టిందా?

జాలరిపేట_కుర్రాడు:
అక్కా, శ్రీలంక పీఎఫ్ మీద నీకింత కోపం ఎందుకు?

ఎంవీపీ_సుధ:
మా నాన్న పనిచేసిన మిల్లు మూతపడింది. పీఎఫ్ కోసం ఆయన నాలుగేళ్ళు ఆఫీసుల చుట్టూ తిరిగాడు, బ్యాంకు బాకీ తీరాకే కార్మికులకి అన్నారు. ఆయన చేతిలో ఎప్పుడూ ఒక ప్లాస్టిక్ సంచి, అందులో పాస్‌బుక్కు, నాలుగు జిరాక్సులు. ఆ సంచి ఇంకా మా ఇంట్లో ఉంది. మీ లెక్కలో ఆయన ఏ కాలమ్‌లో పడతాడు మూర్తి గారూ?

మర్రిపాలెం_మూర్తి:
ఏడిపించి గెలుద్దామంటే నా వల్ల కాదమ్మా. హుద్‌హుద్ తుపాను తర్వాత విశాఖలో కరెంటు తీగలు భూమిలోకి దించింది ప్రపంచ బ్యాంకు అప్పుతోనే. అప్పుడెవరూ షరతులని ఏడవలేదు.

ఎంవీపీ_సుధ:
ఏడిపించడమా? మన రాష్ట్రంలో 1998 నాటి ప్రపంచ బ్యాంకు అప్పులు, కరెంటు సంస్కరణలు మర్చిపోయారా? 2000లో ఛార్జీలు పెంచారు, ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో ఆందోళన చేసినవాళ్ళ మీద పోలీసు కాల్పులు జరిగాయి. 2004లో జనం ఓటేసి ప్రభుత్వాన్ని మార్చారు, వైఎస్ మొదటి సంతకం ఉచిత కరెంటు మీద పెట్టారు. ఓటు మారింది, షరతు మారింది. శ్రీలంకలో దిసనాయకె 2024 సెప్టెంబరులో ఐఎంఎఫ్‌తో మళ్ళీ మాట్లాడతానని అధ్యక్షుడిగా గెలిచాడు, నవంబరులో పార్లమెంటులో ఆయన కూటమికి 225 సీట్లకి 159 వచ్చాయి, అయినా నడుస్తోంది పాత ఒప్పందమే. మరి వాళ్ళు ఓటు ఎందుకు వేసినట్టు?

మర్రిపాలెం_మూర్తి:
ఇప్పుడు వచ్చింది అసలు మాట. అవును, ఓటుతో బాకీ మారకూడదు. 2008 రుణమాఫీ అప్పుడు నేను చోడవరం వైపు బ్రాంచిలో ఉన్నాను. ఒక చెరకు రైతు, భార్య చెవిదుద్దులు అమ్మి అంతకు మూడు నెలల ముందే కట్టేశాడు. నా టేబుల్ ముందు నిలబడి ‘కట్టి తప్పు చేశానా బాబూ’ అన్నాడు. నేను తల ఎత్తలేదు. గొటబాయ 2019లో వ్యాట్‌ని 15 శాతం నుంచి 8కి దించితే చప్పట్లు కొట్టింది కూడా జనమే. ఆ మాట ఎవరూ అనరు.

ఎంవీపీ_సుధ:
ఆ రైతుకి తిరిగి ఇవ్వకపోవడం తప్పు, పక్కవాడికి మాఫీ చేయడం కాదు. వ్యాట్ తగ్గితే చప్పట్లు కొట్టినవాళ్ళలో శ్రీలంక కొండల్లో నువారా ఎలియాలో తేయాకు కోసే ఆవిడ ఉందంటారా?

మర్రిపాలెం_మూర్తి:
ఆవిడ ఓటు ఎటు వేసిందో మీకూ తెలీదు, నాకూ తెలీదు. భోజనం చేసి వస్తాను.

జాలరిపేట_కుర్రాడు:
సార్, చేబదులు మాట మీద నేను ఇంకా ఒప్పుకోలేదు.

పూర్ణామార్కెట్_మిర్చి:
పధ్నాలుగు నెలల వడ్డీ లక్షా ఎనభై వేలు అయింది. మూర్తి గారూ, దాన్నేమంటారో అది కూడా చెప్పండి.