రిటైరయ్యాక ఆర్‌వీలో ఫాల్ ట్రిప్: అందరినీ ఎక్కించుకోవాలా, ఇద్దరమే వెళ్లాలా?

ఎడిసన్_బాబాయ్:

అందరికీ నమస్కారం. నాకు 66, మా ఆవిడకి 63. నేను మార్చిలో రిటైరయ్యాను, ఆవిడ నాకంటే రెండేళ్ల ముందే. న్యూజెర్సీలో ఇన్నేళ్లున్నా ఆకులు రంగు మారడం అనేది టర్న్‌పైక్ మీద ట్రాఫిక్‌లో ఆగినప్పుడు అద్దంలోంచి చూడటమే తప్ప తీరిగ్గా చూసింది లేదు. అందుకని ఈ అక్టోబరులో ఆర్‌వీ (లోపలే మంచాలు, వంటిల్లు, టాయిలెట్ ఉండే బండి) అద్దెకి తీసుకుని, వర్జీనియాలో కొండల మీంచి పోయే స్కైలైన్ డ్రైవ్ రోడ్డు, అక్కణ్నుంచి అలాంటిదే బ్లూ రిడ్జ్ పార్క్‌వే, చివర స్మోకీ మౌంటెన్స్, మొత్తం పన్నెండు రోజులని ప్లాన్ వేశాను.

గొడవ ఎక్కడొచ్చిందంటే, 30 అడుగుల క్లాస్ సి బండిలో (డ్రైవరు క్యాబిన్ పైన కూడా మంచం ఉండే రకం) ఏడుగురు పడుకోవచ్చని రాసి ఉంది. మేమిద్దరం, తెనాలి నుంచి వచ్చి ఉన్న మా అక్కయ్య, బావగారు, షార్లెట్‌లో ఉండే అమ్మాయి, అల్లుడు, నాలుగేళ్ల మనవడు. సరిగ్గా ఏడుగురు! దేవుడే లెక్క కట్టి పంపినట్టనిపించింది. వెనకాల రెండు కార్లలో ఇద్దరు స్నేహితుల కుటుంబాలు. ఇది చెప్పగానే మా ఆవిడ "అయితే మీరే వెళ్లి రండి" అని లేచి వెళ్లిపోయింది. ఆర్‌వీ అయితే ఇద్దరమే, అందరూ కావాలంటే కేబిన్ తీసుకోండి అంటుంది. ఒకటే బండి అయితే ఖర్చు కలిసొస్తుంది, అందరం ఒకచోట ఉంటాం. ఇందులో నా తప్పేంటో ఎవరైనా చెప్పండి.

గోదారి_గట్టు:

బాబాయ్ గారూ, ఏడుగురు పడుకోవచ్చని రాసేది బండి ఇచ్చేవాడు, అందులో పడుకునేవాడు కాదు. నేను నాలుగేళ్లు ఆర్‌వీ ఉంచుకుని అమ్మేసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. డ్రైవరు నెత్తిమీద ఉండే మంచానికి నిచ్చెనెక్కాలి, అక్కయ్యగారు ఎక్కుతారా, బావగారు ఎక్కుతారా? భోజనాల బల్ల దించితే మంచమవుతుంది నిజమే, కానీ రాత్రి దాన్ని పరిచి పొద్దున్నే మళ్లీ లేపితే గానీ కూర్చుని కాఫీ తాగడానికి చోటుండదు.

ఇక టాయిలెట్ ఒక్కటే. దాని కింద మలమూత్రాలు చేరే బ్లాక్ ట్యాంకు, మా దాంట్లో 35 గ్యాలన్లు. సింకు, షవరు నీళ్లకి గ్రే ట్యాంకు వేరే. మేం నలుగురం ఉంటేనే మూడో రోజుకి నిండిందని లైటు వెలిగేది, పైగా మనవాళ్లకి చెంబు లేకుండా జరగదు. (నిజానికి నీళ్లు ఎక్కువ పోస్తేనే ఆ ట్యాంకుకి మంచిది, గడ్డకట్టదు, కాకపోతే తొందరగా నిండుతుంది.) నిండాక డంప్ స్టేషన్ (ట్యాంకులు ఖాళీ చేసే చోటు) దగ్గర గొట్టం తగిలించి వాల్వు లాగాలి. ముందు బ్లాక్, తర్వాత గ్రే, అప్పుడు ఆ సబ్బునీళ్లతో గొట్టం కూడా కాస్త శుభ్రపడుతుంది. ఈ పని ఎవరు చేస్తారు? అల్లుడి చేత చేయిస్తారా?

చక్రాల_ఇల్లు:

గోదారి గారు అమ్మేశారు కాబట్టి అలా మాట్లాడుతున్నారు, నేను ఆరో ఏడాది కూడా వెళ్తున్నాను కాబట్టి ఇంకోలా మాట్లాడతాను. డంపింగ్ పదిహేను నిమిషాల పని, రెండు జతల రబ్బరు గ్లవ్స్ ఉంటే చాలు. మా అల్లుడు మొదటిసారి ముక్కు మూసుకున్నాడు, రెండోసారి నన్ను పక్కకి జరగమన్నాడు.

అసలు ఆ దారి గురించి ఎవరూ మాట్లాడట్లేదేంటి? స్కైలైన్ డ్రైవ్ 105 మైళ్లు, గంటకి 35 మైళ్లకి మించి పోకూడదు. అది అయిపోయే రాక్‌ఫిష్ గ్యాప్ దగ్గరే పార్క్‌వే మొదలు, 469 మైళ్లు, ఎక్కువలో ఎక్కువ 45. లారీలుండవు, పెద్ద బోర్డులుండవు. మధ్యలో పెట్రోలు బంకు కూడా ఉండదు, పక్క ఊళ్లలోకి దిగి పోయించుకోవాలి, అది గుర్తుంచుకోండి. పైన ఎత్తు మీద అక్టోబరు మొదట్లోనే ఎరుపెక్కి, రంగు మెల్లగా లోయల్లోకి దిగుతుంది, స్మోకీస్ కింది భాగాల్లో నెలాఖరు, నవంబరు మొదటి వారం దాకా ఉంటుంది. మీరు ఉత్తరం నుంచి దక్షిణానికి వెళ్తున్నారు కాబట్టి రంగులు మీతోపాటే ప్రయాణం చేస్తాయి. ఇంత దారిలో ఇద్దరే కూర్చుని ఒకరి మొహం ఒకరు చూసుకోవడమా? పార్క్‌వే మీద లిన్ కోవ్ వయాడక్ట్ అని కొండ పక్కనే వంపు తిరిగే వంతెన ఉంది, దాని మీద బండి వంపు తిరుగుతుంటే వెనక నుంచి చిన్నపిల్లలు కేక పెట్టాలండీ, అప్పుడే బాగుంటుంది. 2024 సెప్టెంబరులో హెలీన్ తుఫానుకి నార్త్ కరోలినా వైపు పార్క్‌వే బాగా దెబ్బతింది, ఏ ముక్క తెరిచి ఉందో బయల్దేరే ముందు పార్క్ సర్వీస్ వెబ్‌సైట్‌లో చూసుకోండి.

పాలమూరు_పిల్ల:

అంకుల్, మీరు మంచాలు లెక్కపెట్టారు, సీటు బెల్టులు లెక్కపెట్టారా? బండి నడిచేటప్పుడు ఏడుగురికీ బెల్టులుండాలి. నాలుగేళ్ల బాబుకి కార్ సీటు కావాలి, అది ముందుకి చూసే సీటుకే బిగించాలి, పక్కకి తిరిగి ఉండే సోఫాకి కుదరదు. ఇది తేలకుండా బుక్ చేయకండి.

ఇంకోటి, ఎడిసన్ నుంచి 95 హైవే పట్టుకుని దిగుదామనుకుంటున్నారేమో. బాల్టిమోర్ రెండు సొరంగాల్లోకీ 10 పౌండ్లు మించిన ప్రొపేన్ సిలిండర్లున్న బండ్లని రానివ్వరు, ఆర్‌వీల్లో మామూలుగా అంతకంటే ఎక్కువే ఉంటుంది. ఇదివరకు అక్కడి కీ బ్రిడ్జి మీంచి వెళ్లేవాళ్లు, అది 2024 మార్చిలో ఓడ గుద్ది కూలిపోయింది. హాయిగా 78 హైవే మీద పడమరకి వెళ్లి, 81 హైవే మీద కిందికి దిగి, ఫ్రంట్ రాయల్‌లో స్కైలైన్ డ్రైవ్ ఎక్కండి. ఆ డ్రైవ్‌లో మేరీస్ రాక్ టన్నెల్ ఎత్తు 12 అడుగుల 8 అంగుళాలు. మీ బండి పైన ఏసీతో కలిపి ఎంతెత్తో ఒక కాగితం మీద రాసి స్టీరింగ్ దగ్గర అంటించుకోండి.

మేమైతే గుంపుగానే వెళ్తాం, నాకదే ఇష్టం. ఒకసారి దసరా రోజుల్లో పడింది. పార్కులో పూలు కోయకూడదు కదా, కింద ఊళ్లో గ్రోసరీ స్టోర్‌లో చామంతులు కొనుక్కొచ్చి, ఆర్‌వీ స్టవ్ మూత మీద బతుకమ్మ పేర్చినం. పక్క సైటు తెల్లామె వచ్చి తను కూడా చప్పట్లు కొడుతూ రెండు రౌండ్లు తిరిగింది. పది తర్వాత చప్పుడు చేయకూడదు కాబట్టి తొమ్మిదిన్నరకే ముగించేసినం.

మేపుల్_ఆకు:

అన్నయ్య గారూ, నేను రాలీలో ఉంటాను, నాకూ అరవై దాటాయి. ఇంతసేపూ ట్యాంకులూ సొరంగాలూ మాట్లాడారు గానీ మీ ఆవిడ ఎందుకు లేచి వెళ్లిపోయారో ఎవరూ అడగలేదు. మీ అక్కయ్యగారు ఆవిడకి ఏమవుతారు? ఆడపడుచు. పక్కన అల్లుడు. ఈ ఇద్దరినీ ఒకే బండిలో పన్నెండు రోజులు కూర్చోబెట్టి, ఇద్దరికీ లోటు రాకుండా చూడాల్సింది ఎవరు? మీకది విహారయాత్ర, ఆవిడకి వంటిల్లు చక్రాలెక్కింది, అంతే. ఇంట్లో అయితే కనీసం ఒక గదిలోకెళ్లి తలుపేసుకోవచ్చు. బండిలో ఉండే తలుపు బాత్రూముదే, దాని బయట ఎవరో ఒకరు నిలబడే ఉంటారు.

ఆ వంటిల్లు కూడా ఎంత? కాస్త గట్టిగా పోపు వేస్తే స్మోక్ అలారం మోగుతుంది. ఇండక్షన్ పెడదామంటే 30 ఆంప్స్ కనెక్షన్‌కి 3600 వాట్లే. ఇండక్షన్ 1800, పైన ఏసీ తిరుగుతూ ఉంటుంది, ఇంతలో ఎవరో మైక్రోవేవ్‌లో పాలు పెడతారు, బ్రేకర్ పడిపోతుంది. అదీ కరెంటున్న చోట. స్కైలైన్ డ్రైవ్ ఉండే షెనండోవా పార్కులో బిగ్ మెడోస్ క్యాంప్‌గ్రౌండ్‌లో, స్మోకీస్‌లో ఎల్క్‌మాంట్ క్యాంప్‌గ్రౌండ్‌లో సైటుకి కరెంటు కనెక్షనే ఉండదు, జనరేటర్ వేసుకోవాలి, దానికీ టైములుంటాయి. బయట వండుదామంటే ఎలుగుబంట్లు. గిన్నె, గరిటె, చెత్త ఏదీ బయట వదలకూడదు. ఏడుగురికి మూడు పూటలా, చారు, కూర, పెరుగన్నం!

మొహమాటం_లేదు:

ఖర్చు కలిసొస్తుందన్నారు, నాకు అక్కడే నవ్వొచ్చింది. వెళ్లి రావడం ఎంత తక్కువేసినా 1,500 మైళ్లు. ఆ సైజు బండి గ్యాలనుకి 8 నుంచి 10 మైళ్లిస్తే గొప్ప, అంటే 150 గ్యాలన్లకి పైనే. రోజు అద్దె కాకుండా చాలా చోట్ల మైలుకింత అని వేస్తారు, జనరేటర్‌కి గంటకింత, ఇన్సూరెన్స్ వేరే, క్యాంప్‌గ్రౌండ్ వేరే. కారు, మంచి హోటల్ దీనికంటే చవక. డబ్బు మిగుల్తుందని ఆర్‌వీ ఎక్కకండి, సరదా ఉంటే ఎక్కండి. కలిసొచ్చేది ఒక్కటే, 62 నిండిన సిటిజన్లకీ గ్రీన్‌కార్డు వాళ్లకీ నేషనల్ పార్కుల సీనియర్ పాస్ 80 డాలర్లకే జీవితాంతం వస్తుంది. బండిలో ఉన్నవాళ్లందరికీ ప్రవేశం అందులోనే, చాలా ఫెడరల్ క్యాంప్‌గ్రౌండ్లలో సగం ధర.

అద్దెకి తీసుకున్నారు, కొనలేదు, అందుకు మాత్రం మెచ్చుకుంటున్నాను.

తెనాలి_అమ్మాయి:

మేపుల్ ఆంటీ, మీరు చెప్పినదాంట్లో సగం నిజం, కానీ మా అత్తగారింట్లో జరిగింది వేరు. మా మామగారు రిటైరయ్యాక ఎనిమిది మందిమి వెళ్లాం, నేను ముందు వారం రోజులు టెన్షన్‌తో నిద్రపోలేదు. తీరా వెళ్తే, ఇంట్లో ఉండే మర్యాదలన్నీ అక్కడ కుదరనే కుదరవు. మా ఇంటికొస్తే అత్తగారు అతిథి, వాళ్లింటికెళ్తే నేను కోడలు. బండిలో ఎవరి ఇల్లూ కాదు కదా. మంచినీళ్ల ట్యాంకు 40 గ్యాలన్లే కాబట్టి కాగితం ప్లేట్లు, గిన్నెలు తోమే పనే లేదు. మామగారు ఇరవై ఏళ్ల తర్వాత ఉల్లిపాయలు తరిగారు. కాబట్టి ఇది బండిని బట్టి ఉండదు, ముందుగా పనులు పంచుకున్నారా లేదా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎవరూ పంచుకోకపోతే మాత్రం ఆంటీ చెప్పినట్టే అవుతుంది.

గోదారి_గట్టు:

ఎనిమిది మంది ఒక బండిలోనా అమ్మా?

తెనాలి_అమ్మాయి:

ఐదుగురు బండిలో, మేం ముగ్గురం కారులో అంకుల్ 🙂 రాత్రికి మేం హోటల్లోనే పడుకున్నాం.

గోదారి_గట్టు:

అదీ సంగతి. అంటే నేను చెప్పిందే.

చక్రాల_ఇల్లు:

మీరు చెప్పింది ఎవరూ రావద్దని. ఆ అమ్మాయి చెప్పింది అందరూ రండి, పడక వేరే పెట్టుకోండని. రెండూ ఒకటెలా అవుతాయి? బాబాయ్ గారూ, మధ్యేమార్గంగా ఒకటి చేయండి. 25 అడుగుల బండి తీసుకోండి, అందులో మీరిద్దరూ, అక్కయ్యగారూ, బావగారూ. అమ్మాయి కుటుంబం షార్లెట్ నుంచి కారులో వచ్చి మధ్యలో కలవచ్చు, అక్కణ్నుంచి పార్క్‌వే ఎంతో దూరం లేదు. స్నేహితులు కేబిన్లలో ఉంటారు. సాయంత్రం మీ సైటు దగ్గర మంట వేసుకుని అందరూ కూర్చుంటారు, రాత్రికి ఎవరి తలుపు వాళ్లకుంటుంది.

ఎడిసన్_బాబాయ్:

అందరికీ థాంక్స్. ఈ చర్చంతా నిన్న రాత్రి మా ఆవిడకి చదివి వినిపించాను. మేపుల్ గారి పోస్టు దగ్గర ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుంటుందేమో అనుకున్నాను, గట్టిగా నవ్వింది. "వంటకెందుకు భయపడతాను, మా వదినగారితో నాకేం పేచీ లేదు, మీకంటే ఆవిడే నయం" అంది. మరి ఎందుకు వద్దన్నావే అంటే అప్పుడు బయటపడింది. తను కూడా బండి నడుపుదామనుకుంటోందట. ఇరవై రెండేళ్లు రోజూ టర్న్‌పైక్ మీద రానూ పోనూ 70 మైళ్లు నడిపింది ఆవిడ, నేను రైల్లో పోయేవాణ్ని. ఏడుగురూ ఎక్కితే బావగారు ముందు సీట్లో కూర్చుంటారు, స్టీరింగ్ దగ్గర నేనో, అల్లుడో ఉంటాం, తనని ఎలాగూ వెనక్కి పంపిస్తామని ముందే అర్థమైపోయిందట. ఇద్దరమే అయితే తాళం అడగొచ్చనుకుంది. నిజం చెప్పాలంటే నా ప్లాన్‌లో ఆవిడ పేరు డ్రైవర్ల లిస్టులో లేదు, నాకా ఆలోచనే రాలేదు.

చక్రాల ఇల్లు గారు చెప్పినట్టు 25 అడుగుల బండే ఖాయం చేశాం, అక్కయ్య వాళ్లు మొదటి ఐదు రోజులు ఉంటారు, తర్వాత అమ్మాయితో షార్లెట్ వెళ్తారు. స్కైలైన్ డ్రైవ్ ఆవిడది, 81 మీద లారీల మధ్య నేను. ఒక్కటి చెప్పండి, రెండో డ్రైవర్ని ఆఖరి నిమిషంలో చేర్చొచ్చా? ఆవిడకి మామూలు లైసెన్సు సరిపోతుందా?

పాలమూరు_పిల్ల:

మామూలు లైసెన్సు చాలు అంకుల్, 26 వేల పౌండ్లు దాటని బండికి మామూలుగా వేరేది అడగరు. కానీ అద్దె కాగితాల్లో ఆంటీ పేరు ముందే ఎక్కించండి, పేరు లేనివాళ్లు నడిపితే ఇన్సూరెన్స్ ఇబ్బంది అవుతుంది. బండి తీసుకున్న రోజే ఏదైనా ఖాళీ పార్కింగ్ లాట్‌లో ఇద్దరూ ఓ గంట తిప్పి చూడండి. మలుపు తిప్పినప్పుడు వెనక భాగం అవతలి వైపుకి ఊడ్చినట్టు వెళ్తుంది, పెట్రోలు బంకు దగ్గర స్తంభాలకి తగిలేది అదే. రివర్స్ చేసేటప్పుడు ఒకరు దిగి వెనక నిలబడాలి.

మేపుల్_ఆకు:

దిగి నిలబడేది అన్నయ్యగారే.