నౌపడ స్టేషన్ మోడల్‌లో ఉప్పు కుప్పలకి ఏం వాడాలి?

మాది టెక్కలి. నౌపడ–గుణుపూర్ పాత చిన్న రైలు గుర్తుంది కదా, మా ఆరేళ్ల పాపతో కలిసి దాని మోడల్ చేస్తున్నాం, ఒక్కో ప్లైవుడ్ పలక మీద ఒక్కో ఊరు. అసలు పట్టాల మధ్య వెడల్పు 762 మిల్లీమీటర్లు, 1:87 లెక్కన (అంటే అసలు దానిలో 87వ వంతు) తొమ్మిదికి కాస్త తక్కువ వస్తుంది, అందుకే ఎన్ స్కేల్ (ఇంకా చిన్న సైజు మోడల్ రైళ్లు) వాళ్ల 9 మిల్లీమీటర్ల ట్రాకే తీసుకున్నా.

ఇప్పుడు పేచీ నౌపడ పలక దగ్గర. ఉప్పు కుప్పలు లేకపోతే అది నౌపడే కాదంటుంది పాప (నిజమే మరి!), పైగా నిజం ఉప్పే పోస్తానంటుంది. మన వైపు గాలికి అది చెమ్మగిల్లి పట్టాలకి చిలుము పట్టదా? బొంబాయి రవ్వ పోద్దామంటే చీమల భయం. పిల్ల నోట్లో పెట్టుకున్నా ప్రమాదం లేనిది ఏదైనా ఉంటే చెప్పండి.

ఇంకోటి, రెండు పలకలు కలిసే చోట పట్టాలు వెంట్రుకవాసి అటూఇటూ అయినా బండి పడిపోతోంది. రోజూ విప్పి మంచం కింద పెట్టాలి కాబట్టి తొందరగా ఊడొచ్చేలా ఉండాలి. బోల్టులు బిగిస్తే సరిపోతుందా, ఇంకేమైనా చేయాలా?