“కాచి” అనాలా, “కాల్చి” అనాలా? వేమన పద్యంలో ఒక అక్షరం

ప్రశ్న:
వేమన పద్యం ఒకటి కొన్నాళ్ళుగా నన్ను వదలడం లేదు. “ఇనుము విరిగెనేని యినుమారు ముమ్మారు” అన్న మొదటి పాదం అందరికీ వచ్చినదే. రెండో పాదాన్ని నేను “కాచి యతుకవచ్చు క్రమముగాను” అని వల్లించాను. మా మనుమరాలు “కాల్చి యతుకవచ్చు” అని చదువుతోంది. ఆక్సీకరణం, క్షయకరణం పాఠం అప్పుడే చదివిన ఆ అమ్మాయి, “ఇనుమును గాలిలో కాలిస్తే ఆక్సైడ్ అవుతుంది కదా తాతయ్యా, ఇక అతుకు ఎలా పడుతుంది?” అని అడిగింది. ఏ పాఠం సరైనదో పెద్దలు చెప్పగలరు.

ఛందోభిమాని:
ఇక్కడ ఛందస్సు తీర్పు చెప్పదు. ఆటవెలది రెండో పాదంలో అయిదూ సూర్యగణాలే. “కాచి” అన్నా “కాల్చి” అన్నా సూర్యగణాలలో ఒకటైన హగణమే (ఒక గురువు, ఒక లఘువు), “క్ర”తో యతి రెంటికీ చెల్లుతుంది. కనుక అర్థాన్నే పట్టుకోవాలి. పాలు, నీళ్ళు కాస్తాము. కుండలు, ఇటుకలు కాలుస్తాము. కాగిన నీళ్ళు చల్లారితే మళ్ళీ నీళ్ళే, కాలిన కుండ మళ్ళీ మట్టి కాదు. కమ్మరికి కావలసినది ఇనుము ఇనుముగానే మిగలడం కనుక “కాచి” అన్నదే కవిహృదయమని నా నమ్మకం.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు:
ఈ విభజన అందంగా ఉంది గాని, దాన్ని బట్టి కాల్చడమంటే ఆక్సీకరణమే అనలేము. సున్నపురాయిని కూడా కాలుస్తామనే అంటాము. అందులో కార్బన్ డయాక్సైడ్ వెళ్ళిపోయి కాల్షియం ఆక్సైడ్ మిగులుతుందే తప్ప, ఏ పరమాణువు ఆక్సీకరణ స్థితీ (ఎలక్ట్రాన్ల లెక్క) మారదు. ఆక్సీకరణమంటే ఎలక్ట్రాన్లు పోగొట్టుకోవడం, క్షయకరణమంటే పొందడం, ఒకటి లేకుండా రెండోది జరగదు. ఎర్రగా కాగిన ఇనుము నుంచి ఎలక్ట్రాన్లు ఆక్సిజన్‌కు చేరగా పైన నల్లని పొర కడుతుంది, సమ్మెట దెబ్బకు పెళుసుగా రాలేది అదే. రెండు ముక్కల నడుమ ఆ ఆక్సైడ్ మిగిలిపోతే అతుకు నిలవదు. అందుకే కమ్మరి ఇసుకో వెలిగారమో (బోరాక్స్) చల్లుతాడు. ఇసుకలోని సిలికా ఆ ఆక్సైడ్‌తో కలిసి ఇంచుమించు 1200 డిగ్రీల సెల్సియస్ దగ్గరే కరుగుతుంది. శుద్ధమైన ఇనుము 1538 డిగ్రీల దాకా కరగదు. దెబ్బ పడగానే ఆ ద్రవం పక్కలకు చిమ్ముకుపోయి, శుభ్రమైన ఇనుము ఇనుమును తాకుతుంది. ఇది క్షయకరణం కాదని గమనించాలి. ఏర్పడిన ఆక్సైడ్‌ను తొలగించడం మాత్రమే.

కొలిమి పని తెలిసినవారు:
మాస్టారు ఇసుక దగ్గరే ఆగి బొగ్గును వదిలేశారు. తిత్తి గాలి నేరుగా తగిలే చోట ఇనుమును ఉంచితే రవ్వలు చిమ్ముతూ నిజంగానే కాలిపోతుంది. గాలి లోతైన నిప్పుల గుండా పైకి వచ్చేసరికి అందులోని ఆక్సిజన్ బొగ్గుతోనే తీరిపోయి, కార్బన్ మోనాక్సైడ్ మిగులుతుంది. అక్కడ ఉంచిన ఇనుము మీద పొర చాలా తక్కువగా కడుతుంది. ఖనిజం నుంచి ఇనుము తీసేదీ ఈ వాయువే. ఫెర్రిక్ ఆక్సైడ్‌లో ఆక్సీకరణ స్థితి +3గా ఉన్న ఇనుము 0కు దిగుతుంది, కార్బన్ +2 నుంచి +4కు ఎక్కుతుంది. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో (లోహం కరిగించే పాత్రల్లో) పేరుపడ్డ ఉక్కు తయారు చేసినవారి పని కూడా ఇలా బొగ్గుతో తీసిన ఇనుముతోనే మొదలయ్యేది. ఇక మాట సంగతికి వస్తే, “కర్రు కాల్చి వాత పెట్టడం” అంటామే గాని, కర్రు కాచి అన్నవారిని నేను చూడలేదు. ఇనుముకు “కాల్చి” అన్నదే సహజం.

ఛందోభిమాని:
వాతకు కర్రు ఎర్రబడితే చాలు, అక్కడ అతుకు ప్రసక్తే లేదు. కనుక ఆ జాతీయం ఇక్కడికి సాక్ష్యం కాదు. బ్రౌన్ దొర 1829లో వేమన పద్యాలను అచ్చు వేయించక ముందే అవి ఎన్నో నోళ్ళలో, తాళపత్రాలలో తిరిగాయి, పాఠాంతరాలు అందుకే ఇన్ని. బంగారం చేసే రసవిద్య కోసం తిరిగినవాడని ఐతిహ్యం చెప్పే ఆ కవికి కొలిమి మర్మాలు తెలియవని నేను అనుకోలేను. “క్రమముగాను” అన్న మాట చూడండి: మంటను అదుపులో పెట్టి, ఇనుము కాలిపోయే దాకా పోనీయకుండా అన్న హెచ్చరిక అందులో వినిపిస్తుంది.

రసాయనశాస్త్ర ఉపాధ్యాయుడు:
అలాగైతే “ఇనుమారు ముమ్మారు” అన్నది కూడా లెక్కలోకి తీసుకోవాలి. కొలిమిలో పెట్టిన ప్రతిసారీ కొంత ఇనుము ఆక్సైడై రాలిపోతుంది, ముక్క సన్నబడుతుంది. రెండు మూడు సార్లే అని కవి హద్దు పెట్టడం ఆ నష్టం ఎరిగినవాడి మాటలా ఉంది.

ప్రశ్న అడిగినవారు:
హద్దు దేనికన్నది నాకు ఇప్పుడు కొత్త సందేహం. “ఇనుమారు ముమ్మారు” అన్నది రెండో పాదంలోని క్రియతో అన్వయిస్తే రెండు మూడు సార్లు కొలిమిలో పెట్టడం, మొదటి పాదంలోని “విరిగెనేని”తో అన్వయిస్తే రెండు మూడు సార్లు విరగడం. పెద్దలు ఎలా అన్వయిస్తారు?

ఛందోభిమాని:
పాదం విరామాన్ని బట్టి “విరిగెనేని”తోనే.

కొలిమి పని తెలిసినవారు:
నేను ఒప్పుకోను. ఒక్క వేడికే మంచి అతుకు పడడం అరుదు. మళ్ళీ పెట్టి, మళ్ళీ ఇసుక చల్లి, మళ్ళీ కొడతారు. అది “కాల్చి”తోనే అన్వయిస్తుంది.