చిలుమా, కిలుమా, తుప్పా? పాత ఇత్తడి బందుల మీది పచ్చ పొర

ప్రశ్న: పాత తలుపుల ఇత్తడి బందులు, గొళ్ళేలు విప్పాం. పైన నల్లటి పొర, సందుల్లో పచ్చటి పొడి. పెద్దవాళ్ళు చిలుమంటారు, ఇంకొందరు కిలుమంటారు, పిల్లలు తుప్పంటున్నారు. ఏది సరైన మాట? ఎలా వదిలించాలి?

జవాబు: చిలుము, కిలుము రెండూ వాడుకలో ఉన్న మాటలే. ఇనుముకు కూడా చిలుమనే వాడుక ఉంది కాబట్టి తుప్పు అన్నవాళ్ళని తప్పుపట్టలేం. పని చేసేటప్పుడు మాత్రం విడిగా ఉంచుకోవడం మేలు. ఇత్తడి మీది నలుపు గాలి తగిలి ఏర్పడ్డ పొర, దాన్ని మకిలి అంటే చాలు. ఇత్తడిలోని రాగికి తేమ, గాలి తోడై ఏర్పడే పచ్చపొడే చిలుము. కళాయి లేని ఇత్తడి గిన్నెలో పులుసు ఉంచితే 'చిలుమెక్కింది' అనేది కూడా ఇందుకే: పులుపు లోహాన్ని కరిగించుకుని వగరెక్కుతుంది. ఆ పులుసు పారబోయాల్సిందే. తోమడానికి చింతపండు పనికొచ్చేదీ ఆ గుణం వల్లే.

మరొకరు: ముందు అయస్కాంతం పెట్టి చూడండి. అతుక్కుంటే అది ఇత్తడి పూత వేసిన ఇనుము. గట్టిగా తోమితే పూత పోయి ఇనుము బయటపడుతుంది. అసలు ఇత్తడే అయితే వేడి సబ్బునీళ్ళలో నానబెట్టి, పాత టూత్‌బ్రష్‌తో జిడ్డు తీయండి. జిడ్డుండగా పులుపు పట్టదు. వార్నిష్ పొర ఉంటే దాన్ని ముందే తీసేయాలి, లేకపోతే మచ్చలుమచ్చలుగా తేలుతుంది.

నిమ్మకాయంత చింతపండు గ్లాసు గోరువెచ్చని నీళ్ళలో పావుగంట నానబెట్టి, చిక్కటి గుజ్జు తీసి, చెంచా ఉప్పు కలపండి. బందుకు పట్టించి అయిదు నిమిషాలు ఉంచి తోమండి. బందు సందుల్లోని పచ్చపొడిని వెదురుపుల్లతో గీకాలి, సూదితో గీకితే గీతలు పడతాయి. ఇనుప పీచు అసలు వద్దు. దాని ముక్కలు ఇత్తడిలో ఇరుక్కుని ఎర్రటి తుప్పు మచ్చలవుతాయి.

పులుపులో రాత్రంతా నానబెట్టకండి! ఇత్తడిలోని జింకు ముందు కరిగిపోయి, పైన రాగి మిగిలి గులాబీ రంగు తిరుగుతుంది. అది పలచగా ఉంటే మెత్తటి పాలిష్‌తో పోతుంది. లోతుకు దిగితే లోహమే గుల్లవుతుంది.

ఇంకొకరు: అమ్మోనియా ఉన్న క్లీనర్లు కూడా వాడొద్దు. స్ప్రింగులా బిగువులో ఉన్న ఇత్తడి ముక్కలు దాంతో చిట్లుతాయి. ఇక ఉప్పు సంగతి. మెరుపు తెప్పించే ఉప్పే సందుల్లో మిగిలిపోతే వానాకాలానికి మళ్ళీ పచ్చపొడి పూయిస్తుంది. అందుకే రెండుమూడు సార్లు మంచినీళ్ళతో కడిగి, లీటరు నీళ్ళలో చెంచా వంటసోడా కలిపి ఓసారి ముంచి తీసి, మళ్ళీ కడగాలి. కాకినాడ, విశాఖల ఉప్పుగాలికి ఈ జాగ్రత్త మరీ అవసరం. గుడ్డతో తుడిచి, ఎండలో వేడెక్కనిచ్చి, పలచగా మైనం రాయండి. కొబ్బరినూనె రాస్తే దుమ్ము పట్టి జిగటవుతుంది. బందు తిరగడానికి మటుకు కుట్టుమిషను నూనె ఒక్క చుక్క చాలు.