హోస్టింగ్‌లో సైట్ పెట్టా, తెరిస్తే ఫైళ్ల లిస్టు వస్తోంది, ఎవరైనా చూడండి

చౌరస్తా_డీటీపీ:
అందరికీ నమస్తే. హన్మకొండ చౌరస్తా దగ్గర డీటీపీ షాపులో పనిచేస్తా. పెళ్లి కార్డులు, ఫ్లెక్సీలు, కరపత్రాలు, పదేళ్లుగా ఇదే పని. పేజ్‌మేకర్ కళ్లు మూసుకుని చేస్తా కానీ వెబ్‌సైట్ ఇదే మొదటిసారి. యూట్యూబ్ చూసి హెచ్‌టీఎంఎల్ నేర్చుకుని ఆరు పేజీలు చేశా. 2021లో రామప్పకు యునెస్కో గుర్తింపు వచ్చినప్పటి నుంచి అక్కడా, ఖిలా వరంగల్‌లో, వేయిస్తంభాల గుడిలో తీసిన ఫొటోలు కొన్ని పేజీల్లో, మా అమ్మ పాడే బతుకమ్మ పాటలు మిగతా పేజీల్లో. పాటలు నేనే కూర్చుని టైప్ చేశా.

డొమైన్ (సైట్ పేరు), హోస్టింగ్ (సైట్‌ను నెట్‌లో ఉంచే చోటు) రెండూ కొన్నా, ఏడాదికి డబ్బు కట్టేశా. నిన్న రాత్రి ఫోల్డర్ మొత్తం జిప్ చేసి హోస్టింగ్‌ను నడిపే పేజీ సీప్యానెల్‌లో ఎక్కించి ఎక్స్‌ట్రాక్ట్ కొట్టా. సైట్ తెరిస్తే "ఇండెక్స్ ఆఫ్" అని పైన రాసి కింద ఒక్క ఫోల్డర్ పేరు కనిపిస్తోంది. దాంట్లోకి పోయి హోమ్ పేజీ నొక్కితే తెరుచుకుంటోంది కానీ ఒక్క ఫొటో రాదు. తెలుగు చూడబోతే షాపు సిస్టమ్‌లో ముత్యాల్లా ఉంది, ఫోన్‌లో మాత్రం ఇంగ్లిష్ అక్షరాల మీద టోపీలు, చుక్కలు, పౌండ్ గుర్తులు. నా సిస్టమ్‌లో అన్నీ మంచిగానే ఉన్నాయి కదా, మరి హోస్టింగ్‌వాళ్లది తప్పా? ఎంగిలిపూల (బతుకమ్మ మొదటి రోజు) నాటికి పెడతానని అమ్మకు మాటిచ్చా, ఇంక పది రోజులు కూడా లేవు, ఒకటే టెన్షన్. ఫైళ్లు ఎక్కించే సాఫ్ట్‌వేర్ ఫైల్‌జిల్లాతో కూడా ఒకసారి సర్వర్‌కు కలిపి చూశా, దాని స్క్రీన్‌షాట్ కింద పెట్టా.

కాజీపేట_జంక్షన్:
తమ్మీ, ముందు ఆ స్క్రీన్‌షాట్ తీసెయ్! మీ ఎఫ్‌టీపీ (ఫైళ్లు ఎక్కించే దారి) యూజర్ పేరు, పక్కన తెరిచిన నోట్‌ప్యాడ్‌లో పాస్‌వర్డ్, రెండూ అందులో కనిపిస్తున్నాయి. తీసేసినా సరిపోదు, ఇప్పటికే ఎవరో ఒకరు చూసి ఉంటారు, సీప్యానెల్‌లోకి పోయి పాస్‌వర్డ్ మార్చి తర్వాత మిగతాది చదువు.

మార్చావా? సరే. లిస్టు ఎందుకొస్తోందంటే, నువ్వు జిప్ చేసినప్పుడు ఫోల్డర్‌ను పట్టుకుని జిప్ చేశావు, కాబట్టి విప్పినప్పుడు కూడా ఫోల్డరే వచ్చింది. సర్వర్ చూసేది పబ్లిక్ హెచ్‌టీఎంఎల్ అనే ఫోల్డర్‌లో నేరుగా ఏముందో అంతవరకే, దాని లోపలున్న ఇంకో ఫోల్డర్‌లోకి తనంతట తను పోదు. ఫైల్ మేనేజర్‌లో ఆ లోపలి ఫోల్డర్ తెరిచి, అన్నీ సెలెక్ట్ చేసి, మూవ్ కొట్టి పైకి తెచ్చుకో. రెండోది, మొదటి పేజీ పేరు హోమ్ అని పెట్టావు, సర్వర్ ముందు వెతికేది ఇండెక్స్ అనే పేరునే, కాబట్టి దాన్ని ఇండెక్స్ డాట్ హెచ్‌టీఎంఎల్ అని మార్చు, అంతా చిన్న అక్షరాల్లోనే. మిగతా పేజీల్లో హోమ్‌కు ఇచ్చిన లింకులు కూడా మార్చాలి, ఇది చాలామంది మర్చిపోతారు. ఫోల్డర్ పేరులో మధ్యన ఖాళీలు ఉన్నా తీసెయ్, లేకపోతే అడ్రస్‌లో శాతం గుర్తు, పక్కన 20 అని వచ్చి పడుతుంది.

ఇంకోటి, మామూలు ఎఫ్‌టీపీలో పాస్‌వర్డ్ దాపరికం లేకుండా పోతుంది. ఫైల్‌జిల్లాలో దాన్ని దాచి పంపే ఎస్‌ఎఫ్‌టీపీ పెట్టుకో, పోర్ట్ (అక్కడ నింపే నంబర్) సాధారణంగా 22. మీ హోస్టింగ్‌లో అది లేకపోతే టీఎల్‌ఎస్ (అదీ దాచి పంపేదే) ఉన్న ఎఫ్‌టీపీ.

రింగ్‌రోడ్_రైడర్:
ఆ హోస్టింగ్ వదిలెయ్ బ్రో, గిట్‌హబ్ పేజెస్ అని సైట్లు పెట్టుకునే చోటుంది, అందులో పెట్టు, ఫ్రీ. ఆరు పేజీలకు డబ్బు కట్టడమేంది?

కాజీపేట_జంక్షన్:
@రింగ్‌రోడ్_రైడర్ కట్టేశానని అంటున్నాడు కదా. పైగా అక్కడ పెట్టినా ఫొటోలు రావు, తెలుగు రాదు, తప్పు ఫైళ్లలోనే ఉంది.

మట్టెవాడ_అక్క:
తమ్ముడూ, నేను ఫొటోల సంగతి, తెలుగు సంగతి చెప్తా. ఫోన్‌లో టైప్ చేస్తున్నా, తప్పులుంటే ఏమనుకోకు.

మీ పేజీ సోర్స్ తెరిచి చూశా. ఫొటో అడ్రస్ దగ్గర సీ డ్రైవ్, యూజర్స్, డెస్క్‌టాప్ అంటూ మొత్తం దారి రాసి ఉంది. అది మీ షాపు సిస్టమ్ దారి. మా ఫోన్లు ఆ సిస్టమ్‌లోకి ఎట్లా వస్తాయి? నీకు కనిపిస్తోందంటే నీ సీ డ్రైవ్ నీ దగ్గరుంది కాబట్టి. అదంతా కొట్టేసి ఫొటోల ఫోల్డర్ పేరు, ముందుకు వాలిన గీత, ఫైలు పేరు, అంతే ఉంచు. వెనక్కి వాలిన గీత విండోస్ అలవాటు, ఇక్కడ వాడకు. కెమెరా ఫైళ్లకు చివర జేపీజీ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది, నువ్వు కోడ్‌లో చిన్న అక్షరాలు రాశావు. విండోస్‌కు రెండూ ఒకటే, హోస్టింగ్‌లో ఉండే లైనక్స్ సర్వర్‌కు రెండూ వేరు వేరు ఫైళ్లు. నా మొదటి సైట్‌కు ఈ ఒక్క తప్పు పట్టుకోవడానికి ఒక ఆదివారం మొత్తం పోయింది, అన్నం కూడా తినలేదు. ఫొటోల సైజు కూడా తగ్గించు, వెడల్పు 1600 పిక్సెల్స్ చాలు.

ఇక తెలుగు. డీటీపీ అన్నావు కాబట్టి అడగకుండానే తెలుసు, అను ఫాంట్లలో టైప్ చేశావు కదా? అందులో ఉన్నది తెలుగు కాదు తమ్ముడూ. ఇంగ్లిష్ గుర్తుల స్థానాల్లో తెలుగు అక్షరాల బొమ్మలు కూర్చారు, అంతే. ఆ ఫాంట్ ఉన్న సిస్టమ్‌లో బొమ్మలు కనిపిస్తాయి, లేనిచోట కింద ఉన్న అసలు గుర్తులు బయటపడతాయి. నువ్వు చూసిన టోపీలు, చుక్కలు అవే. ప్రింట్‌కు పర్వాలేదు, కాగితం మీదికి ఎక్కాక ఎవరికీ తేడా లేదు. వెబ్‌కు మాత్రం పనికిరాదు, గూగుల్‌లో వెతికినా ఒక్క పాట దొరకదు. అను నుంచి యూనికోడ్‌కు (అన్ని ఫోన్లు, సిస్టమ్‌లు చదివే అసలు తెలుగు) మార్చే కన్వర్టర్లు ఆన్‌లైన్‌లో ఉన్నాయి, పాట పాటగా వేసి మార్చు. కోడ్‌లో అను ఫాంట్ పేరు తీసేసి గూగుల్ ఫాంట్లలోని మండలి గానీ రామభద్ర గానీ పెట్టు. పేజీ కోడ్ పైన మెటా చార్‌సెట్ యూటీఎఫ్-8 (అక్షరాలు ఏ పద్ధతిలో ఉన్నాయో బ్రౌజర్‌కు చెప్పే లైన్) ఉండాలి, నోట్‌ప్యాడ్‌లో సేవ్ చేసేటప్పుడు ఎన్‌కోడింగ్ కూడా అదే ఉండాలి. మార్చాక ప్రతి పాటా కళ్లతో చదువు, ఈ కన్వర్టర్లు వత్తులు మింగేస్తాయి.

చౌరస్తా_డీటీపీ:
అక్కా, అన్నా, మీకు దండం. పాస్‌వర్డ్ మార్చా, సిగ్గేసింది. రాత్రి పదకొండింటి దాకా షాపులోనే కూర్చున్నా. సైట్ నేరుగా తెరుచుకుంటోంది, ఫొటోలు వచ్చాయి (పదిహేడింట్లో పద్నాలుగు పెద్ద జేపీజీలే!), తెలుగు ఫోన్‌లో చక్కగా కనిపిస్తోంది. పొద్దున అమ్మకు చూపిస్తే కళ్లద్దాలు పెట్టుకుని మొదటి లైన్ చదివి "ఉయాలో ఏందిరా" అంది. చూస్తే ప్రతి లైన్ చివరా అదే, కన్వర్టర్ య వత్తు మింగింది, పాటల పేజీలు మూడింట్లో కలిపి వందకు పైనే ఉన్నాయి. ఫైండ్ అండ్ రీప్లేస్‌తో అన్నీ ఉయ్యాలో చేసి మళ్లీ ఎక్కించా. నా సిస్టమ్‌లో సరిగ్గా ఉంది, అమ్మ ఫోన్‌లో మాత్రం ఇంకా ఉయాలోనే. ఇదేంది మళ్లీ? ఇంకోటి, అడ్రస్ పక్కన నాట్ సెక్యూర్ అని కూడా వస్తోంది.

మట్టెవాడ_అక్క:
అమ్మ ఫోన్ పాత పేజీ దాచుకుంది. క్రోమ్ సెట్టింగుల్లో కాష్ (అట్లా దాచుకున్న పేజీలు) క్లియర్ చెయ్యి, లేదా ఇన్‌కాగ్నిటోలో తెరువు.

కాజీపేట_జంక్షన్:
నాట్ సెక్యూర్‌కు సీప్యానెల్‌లో ఎస్‌ఎస్‌ఎల్ స్టేటస్ అనే చోట చూడు, సైట్ సురక్షితమని బ్రౌజర్‌కు చూపించే సర్టిఫికెట్ చాలా హోస్టింగుల్లో ఉచితంగానే వస్తుంది. ఉచితంగా ఇచ్చే లెట్స్ ఎన్‌క్రిప్ట్ సంస్థది అయితే 90 రోజులకే ఉంటుంది కానీ సర్వరే రెన్యూ చేసుకుంటుంది. డబ్బు కట్టమని ఎవరైనా ఫోన్ చేస్తే కట్టకు. సైట్ లింక్ ఇక్కడ పెట్టు, మా ఇంట్లోవాళ్లు అడుగుతున్నారు పాటలు.